ఆకలి లేని ఉపవాసం

ఆకలే వేయనివాడు ఉపవాసం ఉంటే దానికి పుణ్యం ఉంటుందా?

ఈ ప్రశ్న వేసినవారు తర్కశాస్త్రం చదివే విద్యార్థి కాదు. కడప జిల్లాలోని మా పట్టణంలో సిమెంటు, ఇనుము వ్యాపారం చేసుకునే ఒక సోదరుడు. వయసు నలభై ఆరు. ఆయన అనుమతితోనే ఈ సంగతులు రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఈ కథలో తప్పు ఆయనది కాదు, నాది.

2023 డిసెంబరులో ఆయన హైదరాబాదు వెళ్లి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నారు. అప్పటికి ఆయన బరువు 142 కిలోలు. పదేళ్లుగా షుగరు, బీపీ. రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారు. ముఖానికి గాలి మిషను తగిలించుకుని పడుకునేవారు. మసీదులో వెనక వరుసలో కుర్చీ వేసుకుని నమాజు చేసేవారు. నేలకు నుదురు ఆనించి సజ్దా చేసి ఏడేళ్లయిందని తర్వాత ఒకసారి నాతో అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మామూలుగా లేదు.

ఆపరేషన్ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. హెర్నియా అని చెప్పుకున్నారు. ఎందుకు దాచారో నాకు అప్పుడు తెలియదు. నాలాంటివాళ్ల వల్లనే దాచారని తర్వాత తెలిసింది.

2024లో షాబాన్ నెలలో ఒక జుమా రోజున మితాహారం గురించి బయాన్ చేశాను. కడుపును మించిన చెడ్డ పాత్రను మనిషి నింపడని, నడుము నిలబెట్టే నాలుగు ముద్దలు చాలునని, అంతకు మించి తప్పదనుకుంటే మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి ఉంచుకోమని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ మిఖ్దామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఇది. ఇంతవరకు చెప్పి ఊరుకుంటే బాగుండేది. జనాన్ని కాస్త నవ్వించాలన్న చాపల్యం మాలాంటి వక్తలకు ఉంటుంది. ‘ఈ రోజుల్లో నోరు కట్టుకోలేక లక్షలు పోసి కడుపు కోయించుకుంటున్నారు’ అన్నాను. అందరూ నవ్వారు. వెనక వరుసలో కుర్చీలో ఆయన కూడా ఉన్నారు.

అయినా రంజానుకు మూడు రోజుల ముందు ఆయనే నా గదికి వచ్చారు. తలుపు దగ్గరగా వేసి, చొక్కా ఎత్తి, పొట్ట మీది ఐదు చిన్న మచ్చలు చూపించారు. “మౌల్వీ సాబ్, మొన్న మీరు చెప్పిన కడుపు కోయించుకున్నవాణ్ణి నేనే. రోజాలు ఉండాలా, వద్దా?” అని అడిగారు. ఆకలి వేస్తోందా అన్నాను. లేదన్నారు. “అయితే ఇంకేం భాయ్, మాకంటే మీకే సులువు” అన్నాను. అప్పుడే ఆయన నేను మొదట రాసిన ప్రశ్న వేశారు. దానికి నా దగ్గర జవాబు లేదు. “ముందు రోజాలు ఉండండి, పుణ్యం సంగతి అల్లాహ్ చూసుకుంటాడు” అని పంపేశాను. ఆయన వైద్యులు ఏమన్నారో అడగలేదు. నీళ్లు తాగగలుగుతున్నారా అని అడగలేదు. అసలు ఆ ఆపరేషన్ ఏమిటో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాలుగో రోజా నాడు జొహర్ తర్వాత ఆయన దుకాణంలో కూలబడిపోయారు. మార్చి నెల, కడప ఎండ. ఒంట్లో నీరు ఇంకిపోయిందని ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు.

మదర్సాలో హదీసు చదివిన ప్రతివాడికీ ఒక సంఘటన గుర్తుంటుంది. హజ్రత్ జాబిర్ (రజి) చెప్పినది. ప్రయాణంలో ఒక వ్యక్తికి రాయి తగిలి తల పగిలింది. ఆ రాత్రి ఆయనకు గుస్ల్ చేయవలసిన పరిస్థితి ఏర్పడింది. తయమ్ముమ్ చేసుకునే వెసులుబాటు తనకు ఉందా అని తోటివారిని అడిగాడు. నీళ్లు దొరుకుతుండగా వెసులుబాటు ఎక్కడిది అన్నారు వారు. ఆయన స్నానం చేశాడు, చనిపోయాడు. ఆ వార్త విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. వారే అతణ్ణి చంపారన్నారు. తెలియనప్పుడు అడగవలసింది కదా, అజ్ఞానానికి మందు అడగడమే కదా అన్నారు. ఈ హదీసును నేను ఎన్నిసార్లు చదివానో, పిల్లలకు ఎన్నిసార్లు పాఠం చెప్పానో! ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నప్పుడు మొదటిసారి అర్థమైంది. అల్లాహ్ దయవల్ల మా సోదరుడు బతికారు.

అందుచేత ఇప్పుడు అడిగి తెలుసుకున్నది చెబుతాను. ఆయన దగ్గర, ఆయన వైద్యుల దగ్గర, ఇద్దరు పెద్ద ముఫ్తీల దగ్గర అడిగినది.

మామూలు మనిషి జీర్ణాశయం భోజన సమయంలో లీటరు, లీటరున్నర వరకు సాగుతుంది. మా సోదరునికి చేసిన ‘స్లీవ్’ అనే పద్ధతిలో దాన్ని నిలువునా కోసి నాలుగింట మూడు వంతులకు పైగా తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టం. అందులో పట్టేది 100 నుండి 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసెడు. తీసేసిన భాగం తిరిగి రాదు. ‘బైపాస్’ అనేది మరో పద్ధతి. అందులో కడుపు పైభాగాన చిన్న సంచిలా చేసి, దాన్ని నేరుగా కింది పేగుకు కలుపుతారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు 1966లో దీనికి బాట వేశారు. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో. స్లీవ్‌లో తీసేసేది ఆ భాగాన్నే. అందుకే కొన్ని నెలలపాటు ఆకలి దాదాపు వేయదు. ఆకలి లేకపోవడం వేరు, శరీరానికి అవసరం లేకపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించే నేను ఫత్వా ఇచ్చాను.

మొదటి రెండు వారాలు ద్రవాలే. గంజి తేట, మజ్జిగ, పప్పు కట్టు, అదీ చెంచాతో. ఆ తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తగా ఉడికినవి. మామూలు భోజనానికి వచ్చేసరికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పుడు కూడా ముద్ద పిండిలా అయ్యేదాకా నమలాలి. తొందరపడితే ఛాతీలో రాయి అడ్డం పడినట్టు ఉంటుంది, లేదా వాంతి. అన్నం తింటూ నీళ్లు తాగకూడదు, తిన్న తర్వాత అరగంట ఆగాలి. రోజుకు 60 నుండి 80 గ్రాముల మాంసకృత్తులు ఆ టీ గ్లాసులోంచే లోపలికి పోవాలి. ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు గుటక గుటకగా రోజంతా తాగుతుంటేనే పూర్తవుతాయి. ఒక్కసారి గ్లాసెడు తాగే వీలు లేదు. మా సోదరుడు రాత్రి తరావీహ్‌లో నిలబడి, ఇఫ్తారుకూ సెహరీకీ మధ్య నిద్రపోగా మిగిలిన వేళలో ఎంత నీరు తాగి ఉంటారో మీరే లెక్క వేయండి.

బి-12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. మానేస్తే రక్తహీనత వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి, నరాలు దెబ్బతింటాయి. వాంతులు ఆగకపోతే బి-1 లోపించి మెదడుకే ప్రమాదం కలగవచ్చు. వెంటనే వైద్యుని దగ్గరికి పరుగెత్తాలి. మూడో నెల నుండి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. చాలామందికి తర్వాత మళ్లీ వస్తుంది గాని ఆ నెలల్లో అద్దం చూసుకోవాలంటే భయమేస్తుంది. ఆపరేషన్ చేయించుకున్న సోదరీమణులు ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గర్భం దాల్చకుండా జాగ్రత్తపడాలంటారు. ఈ మాట వారికంటే ముందు వారి అత్తగార్లకు తెలియాలి. విటమిన్ల గొట్టం మాత్రల మీది జిలాటిన్ హలాలేనా అని కొందరు అడుగుతారు. అనుమానం ఉంటే జిలాటిన్ లేని బిళ్లలు, శాకాహార గొట్టాలు మందుల దుకాణాల్లో దొరుకుతాయి. ఆ పేరు చెప్పి మందు మానేయడం మాత్రం తగదు.

ఇవన్నీ కాగితం మీద రాసి ఇచ్చే విషయాలు. కాగితం మీద లేనివి వేరే ఉన్నాయి.

మా ప్రాంతంలో పెళ్లి విందుల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్లలో దస్తర్ఖాన్ పరిచి, పెద్ద పళ్లెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుని ఒకే పళ్లెంలోంచి తింటారు. ఎదుటివాడి వైపు మంచి ముక్క నెట్టడం అక్కడ ప్రేమకు గుర్తు. మా సోదరుని వైపు నెట్టిన ముక్క అక్కడే ఉండిపోతుంది. రెండు ముద్దల తర్వాత ఆయన చేయి ఆగిపోతుంది. “ఏం భాయ్, మా ఇంటి తిండి నచ్చలేదా?” అంటారు. అలిగాడా, గొప్పలు పోతున్నాడా, షుగరు పెరిగిందా అని చెవులు కొరుక్కుంటారు. అతిథిని గౌరవించడం మన ధర్మంలో భాగమే. అయితే అతిథి చేత కక్కించేదాకా తినిపించడం గౌరవం ఎలా అవుతుందో నాకు తెలియదు. విందుకు పిలిస్తే వెళ్లడం సున్నతు. ఎంత తినాలన్నది పిలిచినవారి చేతిలో లేదు.

ఇంట్లో ఇంకా కష్టం. ఆయన తల్లిగారికి డెబ్బై దాటాయి. భర్త పోయాక ఈ కొడుకును కూలి చేసి పెంచింది. తాను పస్తుండి వాడికి పెట్టిన రోజులు ఆమెకు గుర్తు. ఆపరేషన్ తర్వాత నెలకు ఆమె ఖీమా వండి, రొట్టె తుంచి, చేత్తో ముద్ద నోటి దగ్గర పెట్టింది. ఆయన తల తిప్పుకున్నారు. “నా చేతి ముద్ద కూడా వద్దా బేటా?” అని ఆ రాత్రంతా ఏడ్చింది. తన కొడుకు కడుపులో స్థలం లేదన్న సంగతి ఆమెకు ఎవరు, ఏ భాషలో చెప్పగలరు? పెట్టడమే ఆమెకు తెలిసిన మమత. నెలల తరబడి తల్లీ కొడుకుల మధ్య ఏదో మూగతనం ఉండిపోయింది. చివరికి ఆయన భార్యే ఉపాయం చెప్పింది. పిల్లలకు పాలు పట్టే చిన్న గిన్నె ఒకటి తీసి, “అమ్మీ, రోజూ దీన్నిండా మీరే పెట్టండి, ఇంకెవ్వరూ పెట్టరు” అంది. ఆ ఇంట్లో ఫత్వా ఇచ్చే జ్ఞానం ఎవరికి ఉందో నాకు అప్పుడు తెలిసింది.

ఏడాదిలో ఆయన యాభై కిలోలకు పైగా తగ్గారు. షుగరు మాత్రలు వైద్యులే ఒక్కొక్కటిగా ఆపించారు. గాలి మిషను అటక ఎక్కింది. చర్మం మాత్రం పొట్ట మీద, చేతుల కింద సంచుల్లా వేలాడుతోంది. చొక్కా విప్పలేరు. ‘సన్నబడ్డావు, ఏదైనా జబ్బా?’ అని అడిగేవారు కొందరు, రహస్యం చెప్పమని వెంటపడేవారు కొందరు. అద్దంలో కనిపించే మనిషి తనకే కొత్తగా ఉన్నాడంటారు. నలభై ఏళ్లు దుఃఖం వచ్చినా, సంతోషం వచ్చినా ఆయన వెళ్లి కూర్చున్నది పళ్లెం ముందే. ఇప్పుడు ఆ చోటు లేదు. దుకాణంలో నష్టం వచ్చిన రాత్రి ఏం చేయాలో తెలియక వీధుల్లో తిరిగానని చెప్పారు.

ఇక ధర్మపరమైన ప్రశ్నలకు వద్దాం.

దైవసృష్టిని మార్చడం షైతాను పని అని ఖుర్ఆన్ నిసా సూరాలో హెచ్చరించింది, మరి ఇది దాని కిందికి రాదా అని కొందరంటారు. అందం కోసం అవయవాన్ని చెక్కించుకోవడం వేరు, రోగం పోగొట్టుకోవడం వేరు. కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకుంటే అది దుర్వాసన కొట్టింది. పురుషులకు బంగారం నిషిద్ధమైనప్పటికీ బంగారు ముక్కు పెట్టుకోమని దైవప్రవక్తే (స) ఆయనకు చెప్పారు. వైద్యం చేయించుకోమని కూడా ఆదేశించారు. మోకాళ్లు, గుండె, ఊపిరి దెబ్బతింటున్నప్పుడు, తగిన వైద్యులు అవసరమని చెప్పినప్పుడు చేయించుకునే ఈ ఆపరేషన్ వైద్యమే. పెళ్లి ఫొటోల కోసం పది కిలోలు తగ్గాలనుకునేవారి సంగతి నేను మాట్లాడటం లేదు. దానికి వైద్యశాస్త్రమే ఒప్పుకోదు. వడ్డీ అప్పు చేసి చేయించుకునేవారి సంగతి మరో వ్యాసం.

రెండోది, నోరు కట్టుకుంటే సరిపోయేదానికి కత్తి ఎందుకు అన్నది. నేను మింబర్ ఎక్కి నవ్వించింది ఇదే. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక విషయం ప్రచురించారు. తిండి తగ్గించి బరువు తగ్గినవారిలో ఆకలిని పెంచే హార్మోన్లు ఏడాది గడిచినా పాత స్థితికి రాలేదు. అంటే తగ్గినవాడిని శరీరమే మళ్లీ పళ్లెం వైపు తోస్తుందన్నమాట. 142 కిలోల మనిషి నోరు కట్టుకోలేదని మనం అనుకుంటాం. ఆయన పదిసార్లు కట్టుకున్నారు. పదిసార్లు ఇరవయ్యేసి కిలోలు తగ్గి, పాతిక పెరిగారు. వంశం, మందులు, నిద్ర, జీవక్రియ ఇవన్నీ కలిసి చేసే పనిని ‘తిండిపోతు’ అనే ఒక్క మాటతో తేల్చేయడం అపనింద. అనుమానాలకు దూరంగా ఉండమని, ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని హుజురాత్ సూరా చెబుతుంది. ఆ ఆయతులు లావుగా ఉన్నవారి విషయంలో వర్తించవని ఎవరన్నారు?

ఇప్పుడు ఆయన వేసిన అసలు ప్రశ్న. ఆకలి లేనివాని నిగ్రహం నిగ్రహమేనా?

ఇది కొత్త ప్రశ్న అనుకున్నాను. ఇమామ్ గజాలీ (రహ్మ) 1111లో కన్నుమూశారు. ఆయన ఇహ్యాలో పశ్చాత్తాపం గురించిన భాగం మళ్లీ తిరగేస్తే ఇది అక్కడే ఉంది. కోరిక చచ్చిపోయినవాడు గొప్పా, కోరికతో పోరాడుతూ దాన్ని ఆపుకునేవాడు గొప్పా అని పూర్వపు పెద్దల మధ్య భేదాభిప్రాయం వచ్చింది. గజాలీ దాన్ని రెండుగా విడదీశారు. కోరిక బలహీనపడటం వల్లనే శాంతించినవాడైతే పోరాడేవాడే మేలు. దీర్ఘ సాధనతో, దృఢ విశ్వాసంతో కోరికను లొంగదీసుకుని శాంతించినవాడైతే అతనే మేలు. శక్తి లేక మానుకున్నవాణ్ణి పోరాడేవానికంటే పైన పెట్టడం గుర్రం, కుక్క లేని వేటగాణ్ణి ఉన్నవానికంటే వేటలో మిన్న అనడం లాంటిదని ఉపమానం కూడా ఇచ్చారు.

ఈ తీర్పు ప్రకారం మా సోదరునికి ఆకలి విషయంలో పోరాడినవాని స్థానం రాదు. ఇది దాచి ఆయన్ను ఊరడించడం నాకు ఇష్టం లేదు. ఆయనకు కూడా చెప్పాను. ఆయన తల ఊపారు.

అయితే పుణ్యం లేదని దానికి అర్థం కాదు. పూర్వం మన పెద్దలు హజ్‌కు ఓడలో వారాల తరబడి వాంతులు చేసుకుంటూ వెళ్లేవారు. నేడు హైదరాబాదులో విమానం ఎక్కి కొన్ని గంటల్లో జిద్దాలో దిగుతున్నాం. మన హజ్ చెల్లదని ఎవరైనా అన్నారా? ఇంకొకటి చూడండి. పెళ్లి చేసుకునే స్తోమత లేని యువకులను ఉపవాసాలు ఉండమని, అది కోరికను అణచుతుందని దైవప్రవక్త (స) బోధించారు. అంటే కోరికతో ముఖాముఖి కుస్తీ పట్టమని కాదు, దాని బలం తగ్గించే సాధనం పట్టుకోమని. చూపు దించుకోమన్నదీ అందుకే. చూపు దించుకున్నవాణ్ణి పట్టుకుని, దొంగదారిలో పరిశుద్ధుడయ్యాడని మనం అనం. 2025లో వారానికోసారి వేసుకునే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. అవి కూడా ఆకలినే తగ్గిస్తాయి. వాటిని వాడే సోదరులను కూడా ఇదే మాట అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను. సాధనం సులువైనదా, కష్టమైనదా అని మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆ సాధనంతో మనిషి ఏం చేస్తున్నాడన్నది చూడాలి.

నిజానికి కత్తి పరీక్షను రద్దు చేయలేదు, దాని చోటు మార్చింది. ఇది నేను పుస్తకంలో చదవలేదు, ఆయన చెబితే తెలిసింది. ఎనిమిదో నెలలో ఒక రాత్రి ఆయన ఒక విషయం కనుక్కున్నారట. రొట్టె, మాంసం రెండు ముద్దలకే అడ్డం పడతాయి. ఐస్‌క్రీము, ఖుబానీ కా మీఠా, మెత్తటి హల్వా అడ్డుపడవు, జారిపోతాయి. అరగంటకోసారి చెంచా చొప్పున తింటే రాత్రికి ఎంతైనా పోతుంది. “మౌల్వీ సాబ్, తలుపు మూసిన ఇంట్లోకి కిటికీలోంచి వచ్చినట్టు నఫ్స్ వచ్చేసింది” అన్నారు. మూడు వారాలు అలా గడిచాక భార్యకు చెప్పి ఫ్రిజ్ ఖాళీ చేయించారు. ఏడాది, ఏడాదిన్నరకు బరువు తగ్గడం ఆగుతుందని, తర్వాత కొంత తిరిగి రావడం మామూలేనని వైద్యులు ముందే చెప్పారు. చాలామంది ఆ దశలో సిగ్గుపడి వైద్యుని దగ్గరికి వెళ్లడం మానేస్తారట. వెళ్లవలసింది అప్పుడే. పాపం చేసినవాడు మసీదుకు రావడం మానేసినట్టు ఉంటుందిది.

రోజూ మాత్రలు వేసుకోవడం, ఆకలి లేకున్నా గుర్తుపెట్టుకుని తినడం, నోరూరుతున్నా మెత్తటిది మానడం, నలుగురి మధ్య చేయి ఆపుకుని నవ్వుతూ కూర్చోవడం. ఆయన ముజాహిదా ఇందులో ఉంది. ఇందులో ఏ ఒక్కటీ కత్తి చేసిపెట్టలేదు. నా ఉపవాసంలో పగలు ఆకలి ఉంటుంది, నిజమే. ఇఫ్తారు అయ్యాక నేను ఎన్ని సమోసాలు తింటానో నాకూ, నా పక్కన కూర్చున్నవారికీ తెలుసు.

ఉపవాసాల విషయంలో ముఫ్తీలు చెప్పినది సూటిగా రాస్తాను. రోగికీ, ప్రయాణికునికీ వెసులుబాటు ఖుర్ఆన్ బఖరా సూరాలోనే ఉంది. అల్లాహ్ మన కష్టం కాదు, సౌలభ్యం కోరుతున్నాడని అక్కడే స్పష్టం చేశాడు. ఆపరేషన్ తర్వాత ఎంతకాలం ఆగాలన్నది వైద్యునికీ వైద్యునికీ కొంత మారుతుంది. ఆరు నెలలనేవారు ఉన్నారు, ఏడాది, ఏడాదిన్నర అనేవారు ఉన్నారు. విషయం తెలిసిన, నమ్మదగిన వైద్యుడు వద్దన్నప్పుడు మానడం బలహీనత కాదు, అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌ను స్వీకరించడం. కోలుకునే ఆశ ఉన్నవారు ఆ రోజాలను తర్వాత ఖజా చేయాలి. ఇక ఎన్నటికీ ఉండలేని స్థితి అయితే ఫిద్యా. చలికాలపు పగళ్లు చిన్నవి, దాహం తక్కువ. ఖజాకు అవి అనువైన రోజులు. వైద్యుడు సరేనన్నాక ఉపవాసం ఉండేవారు ఇఫ్తారుకు ఒక ఖర్జూరం చిన్న ముక్కలుగా నమిలి, నీళ్లు గుటకలుగా తాగి, కాసేపు ఆగి తినాలి. గ్లాసుల కొద్దీ రూహఫ్జా, షర్బతు వద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవారికి తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి చెమటలు, గుండెదడ, కడుపునొప్పి వస్తాయి. షుగరు మందులు, ఇన్సులిన్ వాడుతున్నవారు మోతాదు మార్చుకోకుండా ఉండనే వద్దు. తల తిరిగితే, మూత్రం తగ్గితే రోజా విరమించాలి. అప్పుడు పట్టుదలకు పోవడం ధర్మం కాదు.

ఆయన ఆసుపత్రి నుండి వచ్చిన తర్వాతి జుమా రోజున నేను మింబర్ మీద ఆయన పేరు చెప్పకుండా నా తప్పు చెప్పుకున్నాను. నవ్వినవాళ్లలో కొందరు తల దించుకున్నారు, కొందరికి ఏమీ పట్టలేదు. ఆ ఏడు రంజానులో మిగిలిన రోజాలు ఆయన ఉండలేదు. మసీదు ఇఫ్తారుకు మాత్రం రోజూ వచ్చి నీళ్లు అందించేవారు. బక్రీదు అయిన మూడు వారాలకు ఒక ఫజర్ నమాజులో వెనక వరుసలో కుర్చీ ఖాళీగా కనిపించింది. ఊళ్లో లేరేమో అనుకున్నాను. సలాం చెప్పి తిరిగితే రెండో వరుసలో నేల మీద కూర్చుని ఉన్నారు. నుదుటి మీద చాప గీతలు.

డిసెంబరులో ఖజా రోజాలు మొదలుపెట్టారు. వైద్యుని చీటీ నాకు చూపించి మరీ. వారానికి రెండు, సోమవారం, గురువారం. ఆరో రోజానో, ఏడో రోజానో నాడు మగ్రిబ్‌కు పావుగంట ముందు నాకు ఫోను వచ్చింది. ఇఫ్తారు వేళ ఫోను అంటే మళ్లీ ఏమైందోనని నా గుండె జారిపోయింది.

“మౌల్వీ సాబ్,” అన్నారు, గొంతు వణుకుతోంది, “ఈ రోజు అసర్ నుండి ఆకలేస్తోంది.”